చదును చేసిన గీత

బాప్తిస్మం పత్రం కోసం మార్కాపురం వచ్చాను. ఇంగ్లండు వెళ్లే ఓడకు ఇంకా నెలన్నర ఉంది. నేను ఫలానా ఏట పుట్టానని పాస్‌పోర్టు అధికారికి రుజువు కావాలి. ఆ రుజువు ఇక్కడి చర్చి రిజిస్టరులో తప్ప మరెక్కడా లేదు. పాస్టరు కరుణాకరం గారేమో దోర్నాల వైపు పల్లెలకు పోయి ఉన్నారు, శనివారానికి గాని రారు. ఆ నాలుగు రోజులూ మా పెద్దమ్మ జ్ఞానమ్మ ఇంట్లో ఆగిపోయాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. మిషను ఆసుపత్రిలో, చుట్టుపక్కల పల్లెల్లో ఆమె కాన్పులు చేస్తుంది. నేను లెక్కల్లో బి.ఏ. చదివి మద్రాసులో ఆటుపోట్లు లెక్కగట్టే కచేరీలో చేరాను. తొమ్మిదేళ్లయింది. రేవులో ఒక చిన్న గది, అందులో ఒక యంత్రం. నీటి మీద తేలే డొల్లకు కట్టిన పెన్ను, తిరిగే కాగితం మీద సముద్రపు ఎత్తును రేయింబవళ్లు గీస్తుంది. ఆ గీతను చదవడం నా పని. భూకంపం వచ్చినప్పుడు సముద్రం పొంగి ఒడ్డు మీద పడే కెరటాలంటే నాకు ఆసక్తి కలిగింది కూడా ఆ పనిలోనే. తొమ్మిదేళ్ల కాగితాల్లో అలాంటి కెరటం జాడ ఒక్కటీ లేదని వ్యాసం రాశాను. అది చూసి ఇంగ్లండులో ఒక ఆచార్యుడు రమ్మన్నాడు. గీతలు ఎంత శుభ్రంగా ఉన్నాయో అని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

బుధవారం పొద్దున చెంచమ్మ నెయ్యి తెచ్చింది. బేస్తవారిపేట దగ్గరి పల్లెలో గొర్రెలు కాచే ఇంటి మనిషి. వారం కిందట ఆమె కోడలికి పెద్దమ్మే కాన్పు చేసింది. బయట బండ మీద కూర్చుంది. మా ఇంట్లో నీళ్లు తాగదు. తాగమని పెద్దమ్మ అడగదు. వాళ్ల స్నేహం ఆ బండ దగ్గరే ఇరవై ఏళ్లుగా నడుస్తోంది.

"ఈమేనా అక్కా, సీమకు పోయేది?"

"ఈమే. సముద్రం ఎంత లేస్తదో, ఎంత దిగుతదో ముందే రాసిపెడతాది. దానికి దొరలు జీతమిస్తరు."

"ఈమె రాసినట్ల సముద్రం వింటదా?"

"ఇంట్లో నా మాటే వినదు ఈమె. దాని మాట అదేం వింటది?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక చెంచమ్మ నా వైపు తిరిగింది.

"బిడ్డా, ఒక మాట అడుగుతా. సముద్రం యెనక్కి పోతదా?"

"ఆటుకు కొంచెం పోతుంది అత్తా, రోజూ."

"కొంచెం గాదు. అడుగు కనపడేటట్టు."

నేను జవాబు చెప్పేలోపు ఆమే చెప్పుకుపోయింది. ఆరేళ్ల కిందట ఇక్కడ వానల్లేవు. ఆమె పెనిమిటి అంకయ్య, మరిది గురుస్వామి మందను తూర్పుకు, సముద్రం ఒడ్డుకు తోలుకుపోయారు. అంకయ్య తిరిగి రాలేదు. మందా రాలేదు. తప్పతాగి జీవాలను సముద్రంలోకి తోలాడని కులపెద్దలు తేల్చారు.

"ఇప్పుడు మగపిల్లోడు పుట్టినాడు. పెద్దమనవడికి తాత పేరు పెట్టాల. ఆదివారం పేరు పెట్టేది. తాగి చచ్చినోడి పేరు ఎట్ల పెడతావే అంటన్నరు. మా ఆయన కల్లు ముట్టడు బిడ్డా. మొన్న గురుస్వామి చలిజరంలో కలవరించినాడు. నీళ్లు యెనక్కి పోతన్నయ్ అన్నా, రా అన్నా, అని. జరం తగ్గినాక అడిగితే, ఏం లేదు పో అంటడు."

"ఏ రోజు అత్తా అది?"

"మిరగం కార్తె పుట్టిన మూడోనాడు."

ఆ రోజు నాకు తెలుసు. తెలియదన్నట్టు నేల చూశాను. కాగితాలు చూసి చెబుతానన్నాను. నిజానికి ఏ కాగితమూ చూడనక్కర్లేదు.

ఆ రోజు సాయంత్రం కచేరీలో కాగితం విప్పితే, తొమ్మిది దాటిన దగ్గర గీత ఉన్నట్టుండి కిందికి పడి, పైకి లేచి, మళ్లీ పడి, మధ్యాహ్నం దాకా రంపపు పళ్లలా ఉంది. పెన్ను మొన తుడవడం, గడియారానికి కీ ఇవ్వడం కూడా నా వంతే. ముందు రోజు తుడవలేదు. ఉద్యోగం ఖాయమయ్యే నెల అది. ఆ చోటికి ఆడమనిషి వద్దన్నవాళ్లు ఉన్నారు. గీత కిందా మీదా అయిందంటే తప్పు నాదే అనుకున్నాను. గతుకులున్నచోట మధ్యగా నున్నటి గీత గీసి, దాన్నుంచే అంకెలు ఎక్కించడం మా పద్ధతి. పడవలు కదిపిన చిన్న గతుకులకు ఆ పద్ధతి సరిపోతుంది. నేను మూడు గంటల సముద్రాన్ని అలా చదును చేసి, పక్కన "పరికర దోషం" అని రాసి సంతకం పెట్టాను. అయిదో రోజున పేపర్లో వచ్చింది, ఆ తెల్లవారుజామున తూర్పు దీవుల దగ్గర సముద్రం కింద భూమి కంపించిందని. చదివి మడిచి పెట్టాను. ఆ తర్వాత ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఆరేళ్లలో ఎవరూ అడగలేదు. అడగకపోవడాన్ని క్షమాపణగా లెక్కవేసుకుంటూ వచ్చాను. చివరికి నా వ్యాసం కూడా నమ్మాను. మనసు అంత నేర్పుగా పనిచేస్తుందని నాకప్పటికి తెలియదు.

గురువారం చెంచమ్మ మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. గురుస్వామికి యాభై ఉంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు, కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"పెద్దలు అడిగినారు, చెప్పినా. మళ్లీ ఈమెవరు అడిగేదానికి?"

"నేను ఆ ముచ్చట అడగను మామా," అన్నాను. "ఒకటే చెప్పు. గడియారం లేకుండా మీరు మంద కాపలా ఎప్పుడు మారుస్తారు?"

"దానికి గడియారమెందుకు? నీడ లేదా? నీడలో నిలబడి మన పాదంతో కొలుచుకుంటం. ఆరడుగులకు ఒకడు దిగుతడు, ఇంకొకడు గట్టెక్కుతడు."

"ఆ రోజు కూడా కొలిచినావా?"

"కొలవకుండా ఎట్ల? ఇసుక దిబ్బ మీద కొలిచినా. సరిగ్గా ఆరు..."

అక్కడ ఆగిపోయాడు. చెంచమ్మ లేచి నిలబడింది.

"నువ్వు ఊళ్లోకి జొన్నలకు పోయినానంటివే పెద్దల కాడ! దిబ్బ మీద ఎట్లుంటివి?"

నేను పలక తీసుకున్నాను. జూన్ పదో తేదీ సూర్యుడి ఎత్తు, ఆ ఒడ్డు అక్షాంశం, మనిషి ఎత్తుకూ పాదానికీ ఉండే పాళ్లు. తొమ్మిది దాటి అయిదారు నిమిషాలు. నా గీత పడిన వేళ కూడా అదే.

ఇప్పుడు ఊరుకున్నా ఎవరికీ తెలియదు. అంకయ్య మంచివాడు, సముద్రం అప్పుడప్పుడు అలా చేస్తుంది అని నాలుగు మాటలు చెప్పి పంపేయొచ్చు. ఓడ నెలన్నరకు కదులుతుంది. నేను ఆ నాలుగు మాటలూ పేర్చుకున్నాను కూడా. అప్పుడు గురుస్వామి ముఖం చూశాను. ఎవరో ఒకరు తన బదులు మాట్లాడి ఇది ముగించాలని ఎదురుచూస్తున్న ముఖం. ఆ ముఖం లోపలినుంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"అత్తా, ఆ పొద్దున సముద్రం వెనక్కి పోయింది. ఆ పొద్దుకే పోయింది. యంత్రం గీసింది. నేను చూసినాను. యంత్రం చెడింది, ఆ తప్పు నా మీదికొస్తదని భయపడి దాన్ని సాపు చేసి పెట్టినాను. తర్వాత నిజం తెలిసింది. అయినా చెప్పలా."

పెద్దమ్మ గడపలోంచి "లీదియా!" అంది, అంతే.

గురుస్వామి కర్ర కింద పెట్టి కూర్చున్నాడు.

"నీళ్లు పోయినయ్ వదినా. అంత దూరం నల్లటి నేల తేలింది. కంభం చెరువు ఎండినప్పుడు మనం లోపలికి దిగి మేపుకోమా? అన్న అట్లే అనుకున్నడు. జీవాలు ఉప్పు నాకతన్నయ్, ఉండనీరా, మంచిది, అన్నడు. చేపలోళ్లు అరస్తన్నరు పైకి రమ్మని. వాళ్ల అరుపులు మాకేం తెలుసు? నేను దిబ్బ మీంచి పిలిచినా. తర్వాత తెల్లగా గోడలాగ వచ్చింది. నేను పరిగెత్తినా. వెనక్కి చూడలా."

"మరి తాగినాడని చెప్పిందెవరు?"

"నేనే చెప్పినా. లేకుంటే నువ్వెందుకు దిగలేదురా అంటరు గదా."

చెంచమ్మ అతన్ని కొట్టలేదు, ఏడవలేదు. నా వైపు చూసింది.

"నువ్వు ఆ పొద్దునే చెప్పుంటే ఆయన బతికేటోడా?"

"లేదు అత్తా. నేను చూసేసరికే అయిపోయింది."

"అయితే నా ఆరేళ్లు?"

ఆమె నా పలక వైపు చెయ్యి చూపింది. "రాసియ్యి," అంది. "పెద్దలకు చూపిస్తా. నీ పేరు కూడా వెయ్యి. వీడి వేలిముద్ర కూడా."

ఆ కాగితం రాయకముందు కచేరీకి ఉత్తరం రాశాను. ఆ క్రమం మారిస్తే ఉత్తరం రాయనని నాకు తెలుసు. అసలు కాగితం బీరువాలో ఏ సంవత్సరం కట్టలో ఉందో, నేనెక్కడ చదును చేశానో, నా వ్యాసం ఎందుకు తప్పో రాశాను. తర్వాత తెలుగులో రెండో కాగితం. చెంచమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. "అంకయ్య" అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. ఆ మధ్యాహ్నమే ఉత్తరం తపాలాలో వేశాను.

ఆ ఓడ నాకు తప్పింది. ఆచార్యుడు ఆహ్వానం వెనక్కి తీసుకున్నాడు. కచేరీలో ఏడాది పాటు నన్ను యంత్రం గదిలోకి రానివ్వలేదు. ఆ రంపపు గీత నకలు మాత్రం చేతులు మారుతూ జపాను చేరింది. రెండేళ్ల తర్వాత దాని గురించి మాట్లాడమని అక్కడివాళ్లు పిలిస్తే వెళ్లి అక్కడే ఉండిపోయాను. అలాంటి కెరటానికి వాళ్ల భాషలో ఒక మాట ఉంది, పిల్లలకు కూడా తెలుసు. నీళ్లు వెనక్కి పోతుంటే మనిషి ఎందుకు లోపలికి దిగాడని వాళ్లు ముందుగా అడిగారు. ఎండిన చెరువు గురించి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

కానీ పత్రం పుచ్చుకుని బయలుదేరిన ఆ సోమవారం ఇదేమీ తెలియదు. స్టేషనుకు పోయే బస్సు దగ్గర చెంచమ్మ గుడ్డలో చుట్టిన పిల్లవాడితో నిలబడి ఉంది.

"పెద్దలు ఒప్పుకున్నరా అత్తా?"

"గురుస్వామి నోరిప్పినాడు. సగంమంది నమ్మినారు. సగంమంది లేచిపోయినారు. నేను పేరు పెట్టేసినా."

నన్ను క్షమించినట్టు ఆమె ఏమీ అనలేదు. పిల్లవాడి ముఖం మీద గుడ్డ తీసి నా వైపు పట్టింది.

"పిలువు."

డ్రైవరు హారన్ కొట్టాడు. చెంచమ్మ కదలకుండా, నా నోటి వైపే చూస్తూ నిలబడింది.

"అంకయ్యా," అన్నాను.

"గట్టిగా," అంది. "బస్సులో వాళ్లందరికీ వినబడాల."