షెడ్డు పోయింది, నేల ఉంది

వెనక స్థలంలో షెడ్డు పడగొట్టించాలన్న ఆలోచన టైలరమ్మది కాదు, వాళ్ళన్నయ్యది. ఈ ముక్క ఆమె ఆ తర్వాత చాలామందికి చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది. విన్నవాళ్ళందరూ ఒకటే అడిగారు: "ఆయన చెప్తే మాత్రం నువ్వెలా ఊరుకున్నావు?"

ఆమె ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. కర్టెన్లు, సోఫా కవర్లు, బడిపిల్లల యూనిఫారాలు ఎక్కువగా వచ్చేవి. భర్త బస్సు డ్రైవరు. ఇల్లు తండ్రి కట్టింది. ఆయన పోయే ముందు ఇల్లు కూతురి పేర రాసి, వెనకనున్న స్థలం మాత్రం కొడుకుకీ కూతురికీ ఉమ్మడిగా రాశాడు. ఆ స్థలంలోనే రేకుల షెడ్డు ఉండేది. గుడ్డ కత్తిరించే పెద్దబల్ల, తానులు, ఇస్త్రీ సామాను అన్నీ అందులోనే. ఎండాకాలం పొయ్యిలా ఉండేది, వానాకాలం ఒక మూల కారేది. అయినా పని సాగేది.

అన్నయ్య ఒక గోడౌన్లో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. రెండు వీధుల అవతల అద్దె పోర్షన్లో వదినతో ఉంటాడు. ఎవరు ఏం మాట్లాడినా "ఇందులో ఒక పాయింటుంది" అని అందుకుంటాడు గనక వీధిలో ఆయన పేరే పాయింటుగారు అయిపోయింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. నాలుగోది చూపిస్తే, అది కాలు కాదని కూడా వాదిస్తాడు.

ఆ ఏడు ఊళ్ళో భూముల విలువ మళ్ళీ లెక్క కడుతున్నారని, కొత్త పన్ను సంవత్సరం నుంచి రేట్లు మారతాయని ఇంటింటికీ కాగితం వచ్చింది. అది చేత్తో పట్టుకుని పాయింటుగారు చెల్లెలింటికి వచ్చాడు.

"కట్టడం ఉంటేనే కదమ్మా పన్ను. రేకులు దించేశామనుకో, ఇక అక్కడుండేది వట్టి మట్టి. మట్టికెవడు పన్ను వేస్తాడు?"

"ఆఫీసులో ఒకమాట అడుగుదామా అన్నయ్యా?"

"పన్ను వేసేవాణ్ణే పన్ను ఎలా తప్పించుకోవాలని అడుగుతామా? ఆలోచించు. కొత్త సంవత్సరం రాకముందే పని అయిపోవాలి."

ఆమె చేతిలో బడి తెరిచే రోజుల పని గుట్టలుగా ఉంది. స్థలంలో సగం ఆయనది కూడా. సరే కానీ అంది. మర్నాడే పనివాళ్ళు దిగారు. పాయింటుగారు తలకి తువ్వాలు చుట్టుకుని, కుర్చీ వేసుకుని దగ్గరుండి మరీ పడగొట్టించాడు. కత్తిరింపు బల్ల పడకగదిలోకి వచ్చింది. తానులు మంచం కిందికి పోయాయి. కుట్టడం పూర్తయినవి వెనక వసారాలో పేర్చుకోవలసి వచ్చింది. డ్యూటీ దిగి వచ్చిన భర్త, బల్లకీ మంచానికీ మధ్య పక్కవాటుగా నడవడం నేర్చుకున్నాడు.

తర్వాత కొత్త బిల్లు వచ్చింది. అది పాతదానికంటే బాగా ఎక్కువ. టైలరమ్మ బిల్లు తిప్పి తిప్పి చూసింది. షెడ్డు పేరుతో ఉండే చిన్న పద్దు నిజంగానే పోయింది. కానీ దాని కింద నేల పేరుతో ఉన్నది పెరిగి కూచుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని భర్తతో అంది. "బావగారిని పిలు," అన్నాడాయన, అంతే.

అన్నాచెల్లెళ్ళు పన్నుల ఆఫీసుకి వెళ్ళారు. హాల్లో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కౌంటరు వెనక గుమాస్తాకి గట్టిగా జలుబు చేసినట్టుంది. జేబురుమాలు పక్కన పెట్టుకుని పని చేసుకుంటోంది. పాయింటుగారు బిల్లు ఆమె ముందు పరిచి, "ఇది మీ కంప్యూటరు చేసిన తప్పు. అక్కడ కట్టడం లేదు, అంచేత పన్ను రాకూడదు," అన్నాడు.

ఆమె చూసింది. "షెడ్డు మీద వేసే పన్ను వేరు, నేల మీద వేసే పన్ను వేరండి. షెడ్డు తీసేశారు, దాని పన్ను మేమూ తీసేశాం. నేల పడిపోదు కదండీ."

"పడిపోదు సరే, పెరగడమెందుకు?" అని టైలరమ్మ అడిగింది.

"నేల విలువ వీధిని బట్టి కడతాం మేడం. ఆ విలువలో ఎంత శాతం పన్ను అన్నది, నేలని మీరు ఎలా వాడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇల్లున్న నేలకి తక్కువ. పని జరిగే షెడ్డున్నా తక్కువే. ఏమీ లేకుండా ఊరికే ఉంచితే ఎక్కువ. స్థలాలు కొని ధర పెరిగేదాకా పడేసి ఉంచేవాళ్ళ కోసం పెట్టిన రేటు అది."

"మేం పడేసి ఉంచలేదు. పడగొట్టాం," అన్నాడు పాయింటుగారు.

"మా దగ్గర రెండింటికీ పేరు ఒకటే సార్. ఖాళీ స్థలం. సంవత్సరం మొదటి రోజున నేల ఎలా ఉందో చూస్తాం, ఏడాదంతా అలాగే లెక్క. ఎప్పుడు పడగొట్టారు?"

"అంతకు ముందు వారమే," అంది టైలరమ్మ, అన్నయ్య వైపు చూడకుండా.

"అయ్యో. ఓ పది రోజులు ఆగుంటే ఈ ఏడాది గడిచిపోయేది," అని గుమాస్తా తుమ్మింది.

దారులు రెండున్నాయని చెప్పింది. మళ్ళీ షెడ్డు వేసుకోవచ్చు. లేదంటే వెనక స్థలాన్ని ఇంటి స్థలంలో కలిపేసుకోవచ్చు. అప్పుడది ఇంటి పెరడు కింద లెక్క, తక్కువ రేటు. అయితే కలపాలంటే రెండింటికీ యజమాని ఒకరే అయి ఉండాలి. ఇల్లు చెల్లెలిది, వెనకది ఇద్దరిదీ. అంటే అన్నయ్య తన వంతు చెల్లెలికి రాసిచ్చెయ్యాలి.

బయటికొచ్చాక టైలరమ్మ ఆ మాట ఎత్తింది. నీ వంతుకి ఎంతవుతుందో లెక్కకట్టి ఇచ్చేస్తాం అన్నయ్యా, అంది. పాయింటుగారు చెప్పులోంచి ఇసక దులుపుకుంటున్నట్టు వంగి, "షెడ్డు అక్కర్లేదు, రాయనక్కర్లేదు. ఇందులో ఒక పాయింటుంది," అన్నాడు. ఆమెకి బస్టాపు దాకా ఇంకేమీ వినబడలేదు.

ఆ పాయింటు ఏమిటంటే నేల వాడకంలో ఉందని చూపించడం. ముందు స్థలం మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, తను కూచున్న ఫోటో తీయించి ఆఫీసుకి పంపాడు. జవాబు రాలేదు. తర్వాత ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి, బట్టలారేసుకునే స్థలం అని రాశాడు. ఊరికే తాడుంటే చాలదని, టైలరమ్మ ఉతకని బట్టలు కూడా దాని మీద వేయించాడు. కౌంటర్లో గుమాస్తా ఆ కాగితం చదివి, తాడు అనేది కట్టడాల కిందికి రాదంది. ఆఖరికి కూరగాయలు పండిస్తానని పార తెచ్చుకుని స్థలమంతా తవ్వాడు. మట్టంతా అవతలి గోడవారకి ఎత్తిపోసి, ఇవతల, అంటే ఇంటి వైపు, కాలవ తీశాడు.

"ఇటేపు వాలుందన్నయ్యా. వానొస్తే నీళ్ళు మా వసారాలోకి వస్తాయి."

"నీళ్ళకి దారి ఎటు చూపిస్తే అటే పోతాయమ్మా. నువ్వు బట్టలు చూసుకో."

వాన వచ్చింది. ఆయన చూపించిన దారినే నీళ్ళు వసారాలోకి వచ్చాయి. షెడ్డుంటే అందులో ఉండాల్సిన కర్టెన్లు, ఒక హోటలు వాళ్ళకి మర్నాడు ఇవ్వాల్సినవి, అడుగునుంచి సగం దాకా బురద తాగేశాయి. లేత రంగు గుడ్డ. టైలరమ్మ పెద్ద తొట్టి ముందు కూచుని ఒక్కొక్కటే పిండుతూ ఉండగా పాయింటుగారు గొడుగేసుకుని వచ్చి, వసారా మెట్టు మీద నిలబడి పరిస్థితి చూశాడు.

"ఒకందుకు ఇదీ మంచిదే," అన్నాడు. "నీళ్ళు నిలుస్తున్నాయి కనక, చెరువు కింద చూపిస్తే ఏం రేటు వేస్తారో కనుక్కోవాలి."

ఆమె పిండుతున్న కర్టెను తొట్టిలోకి జారవిడిచింది. గొంతు పెంచలేదు.

"అన్నయ్యా, హోటలు వాళ్ళకి రేపు నేనేం చెప్పాలి?"

ఆయన గొడుగు మూసి, మళ్ళీ తెరిచాడు.

"నీ పాయింట్లు వినే ఓపిక నాకు లేదు. షెడ్డు నువ్వు పోగొట్టావు. కాలవ నువ్వు తవ్వావు. బిల్లు మాత్రం మా ఇంటికొస్తుంది. ఇప్పటిదాకా పన్నులో నీ వంతు నేనెప్పుడైనా అడిగానా? నాన్న పోయినప్పటి నుంచీ మేమే కడుతున్నాం. మాకు రాసివ్వడానికి నీకు అడ్డమేమిటి? అదొక్కటి చెప్పు."

పాయింటుగారు వసారాలోకి వచ్చి గొడుగు గోడకి ఆనించాడు.

"నాకు నేలంటూ ఉన్నది అదొక్కటే," అన్నాడు. "ఇల్లు మారినప్పుడల్లా కొత్త ఓనరు అడుగుతాడు, సొంతానికి ఏమీ లేదాండీ అని. ఉంది, మా నాన్నగారిచ్చిన స్థలం ఉంది అని చెప్తాను. మీ వదిన పక్కనే ఉంటుంది అప్పుడు."

టైలరమ్మకి కోపం పోలేదు. కానీ ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఊరికే దించుకున్నట్టయింది. ఇంట్లోంచి భర్త వచ్చి, ఒక కర్టెను అందుకుని రెండో కొస పాయింటుగారి చేతికిచ్చాడు. "పిండండి బావగారూ," అన్నాడు. ఇద్దరూ చెరో వైపు మెలిపెట్టి పిండారు.

ఉపాయం భర్తే చెప్పాడు. స్థలాన్ని రెండుగా పంచుకుంటే సరి. చెల్లెలి సగం ఇంట్లో కలుస్తుంది. అన్నయ్య సగం అన్నయ్య పేర, అన్నయ్య బిల్లుతో, అన్నయ్య ఇంటికి పోతుంది. పాయింటుగారికి ఇందులో అభ్యంతరం కనబడలేదు. పైగా పూర్తిగా తన ఒక్కడి పేర నేల ఉండబోతోందని ఆ పూట కాస్త నిటారుగా నడిచాడు.

సర్వేయరు వచ్చి కొలిచి మేకులు పాతాడు. నడిమి మేకు తన వైపు ఒరిగిందని పాయింటుగారు దాన్ని మూడుసార్లు పీకించి పాతించాడు. మూడోసారి సర్వేయరు సుత్తి ఆయన చేతికే ఇచ్చి, మీరే కొట్టుకోండి సార్ అన్నాడు. కొట్టుకున్నాడు. కాగితాలయ్యాయి, సంతకాలయ్యాయి. సంవత్సరం మారింది. టైలరమ్మ బిల్లు ఆమె మోయగలిగినంతకి దిగింది.

పాయింటుగారి బిల్లు పాయింటుగారి ఇంటికి వెళ్ళింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన ఇటువైపు రాలేదు. బజార్లో కనబడ్డ వదిన, "ఏదో చదువుకుంటున్నారమ్మా," అంది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, మిషను పక్కన స్టూలు మీద కూచున్నాడు. బడి చొక్కాకి జేబు కుడుతున్న చెల్లెలి చేతుల్నే చూస్తూ, "నా ముక్క కూడా నీ ఇంట్లోనే కలిపేద్దామా?" అన్నాడు.

మిషను ఆగింది. సర్వేయరుకిచ్చిన ఫీజు, ఆఫీసు చుట్టూ తిరుగుళ్ళు, పోయిన హోటలు బేరం, అన్నీ ఒక్కసారిగా ఆమెకి గుర్తొచ్చాయి.

"ఈ మాట మొదట్లోనే అని ఉంటే అన్నయ్యా..."

"మొదట్లో నాకు బిల్లు రాలేదు కదా," అన్నాడాయన.

అది నిజమే. ఆమె సూది కింద నుంచి చొక్కా బయటికి లాగి దారం తెంపింది.

"ఒక్కటే," అన్నాడు. "ఎవరైనా అడిగితే, అక్కడ నాకు స్థలం ఉందనే చెప్పుకుంటాను."

"చెప్పుకో. పన్ను నేల మీదే అన్నయ్యా. చెప్పుకోవడం మీద లేదు."

ధర సంగతి బావా బావా మాట్లాడుకున్నారు. అడిగినదానికంటే భర్త కొంచెం ఎక్కువే ఒప్పుకున్నాడని టైలరమ్మకి తర్వాత తెలిసింది. దాని మీదొక రోజు గొడవైంది. అయినా మాట మారలేదు.

ఆఫీసులో అదే గుమాస్తా ఉంది, ఈసారి జలుబు లేదు. ఇద్దర్నీ చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఈసారి కలపాలా, విడదీయాలా?"

"కలపాలి," అన్నారిద్దరూ.

కాగితాలు తీసుకుంది. కలిపినా ఈ ఏడాది బిల్లు మాత్రం ఖాళీ స్థలం రేటుకే కట్టాలని, వచ్చే ఏడాది మొదటి రోజు నుంచే తగ్గుతుందని చెప్పింది. పాయింటుగారు నోరు తెరిచాడు. టైలరమ్మ సంచి బిగించి పట్టుకుంది.

"అమ్మా, ఈ నేల పన్ను గురించి నాకు తెలియనివి ఇంకేమున్నాయో మొత్తం ఒక్కసారి చెప్తారా?" అన్నాడాయన.

గుమాస్తా ఆయన ముఖంలోకి చూసి, అడిగింది నిజంగానే అని నమ్మకం కుదిరాక, కుర్చీ చూపించి కూచోమంది. విలువ ఎలా కడతారో అక్కణ్ణించి మొదలుపెట్టింది. ఆయన మోచేతులు కౌంటరు మీద ఆనించి వింటున్నాడు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇంటి దగ్గర యూనిఫారాల కోసం జనం వచ్చి ఉంటారు. టైలరమ్మ గుమ్మం దగ్గర నిలబడి, సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, అన్నయ్యని లెమ్మనడానికి నోరు రాక, ఎదురుచూస్తూనే ఉంది.