కలిపేసిన బడి

మా బడి నల్లబల్లను ఎడ్లబండి మీద పడేసి తాళ్ళు బిగించారు. గంట కూడా ఊడదీశారు. హుమ్మ ఊరి పక్కన మా ఉప్పులపేటలో పట్టపగలు జరిగిన దోపిడీ ఇది. చేసినవాళ్ళు దొంగలు కారు, జిల్లా బోర్డు బంట్రోతులు.

అంతకు నెల ముందు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు బడిలో పిల్లలు లేరు. ఎలా ఉంటారు? ఉప్పు పండే ఎండాకాలం. ఉప్పు పండించే కొఠారుకు కంట్రాక్టరు వైకుంఠరావు. పిల్లల్ని కూడా ఉప్పుమళ్ళలోకి దింపితేగాని పెద్దలకు పని ఇవ్వడు. బోర్డు మెంబరూ ఆయనే! ఖాళీ బడి చూసి ఇన్‌స్పెక్టరు, "మీ బడినీ రంభ ఊరి బడినీ కలిపేస్తున్నాం" అన్నాడు.

మేం సంబరపడ్డాం. ఇంకో మేష్టరు వస్తాడు కాబోలు, బడి పెద్దదవుతుంది కాబోలు అనుకున్నాం. మొగుడు పోయిన పుణ్యవతి, కూతురు అ ఆలు దిద్దుతుంటే చూసుకుని బతికే మనిషి, ఇన్‌స్పెక్టరు మెడలో దండ కూడా వేసింది. ఎంత వెర్రివాళ్ళం!

ఇప్పుడు ఆమే బండికి అడ్డం నిలబడింది.

"ఏటి బాబూ, కలపడమంటే ఇదేనేటి?"

"మీ పిల్లల్ని రంభ పంపించుకోండి," అన్నాడు బంట్రోతు.

"అంత దూరం నా గుంట నడిసి ఎల్లగలదేటి?" అంది కూతుర్ని దగ్గరికి తీసుకుని.

బండి ఆగలేదు.

ఆ సాయంత్రం అందరం కొఠారు గట్టు మీద చేరాం. ముసలి నరసన్న లేచాడు.

"ఉప్పుని నీళ్ళల్లో కలిపితే ఏటి మిగుల్తాది? మన బడినీ అలాగే కలిపీసినారు. సదువొస్తే మన గుంటలు మళ్ళల్లోకి దిగరని కంట్రాక్టరుగాడి బయం. బడొచ్చీదాకా ఎవులూ పార ముట్టొద్దు."

"మరి తిండో?" అన్నారెవరో.

"ఇప్పుడు కడుపునిండా తింటన్నావేటి?" పుణ్యవతి కసిరింది.

మాతో పనిచేసే ఒడియా కూలీలు కూడా పారలు పడేసి, వాళ్ళ భాషలో "హెబొ నాయి", కుదరదు, అన్నారు.

ఆ వారంలోనే చిలిక సరస్సు మీద మబ్బు పట్టింది. మళ్ళ నిండా తెల్లగా ఉప్పు. గీసి కుప్పపోయకపోతే వాన మింగేస్తుంది. వైకుంఠరావు గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఎన్నడూ లేంది, చేతులు జోడించాడు.

"ముందు ఉప్పు తియ్యండమ్మా! బడి సంగతి బోర్డులో మాటాడతాను."

"ముందు మా బడి తెచ్చియ్యి బాబూ," అంది పుణ్యవతి.

వాన దిగింది. కంట్రాక్టరు ఉప్పే కాదు, అరికాళ్ళు పుళ్ళుపడేలా మేం చేసిన కష్టమంతా కళ్ళముందే కరిగిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చాం. ఒక్కరం కూడా మడిలోకి దిగలేదు.

వైకుంఠరావు ఫిర్యాదు మీద పోలీసులొచ్చి పుణ్యవతికి సంకెళ్ళు వేశారు. తీసుకుపోయే తోవలో వేరే కంట్రాక్టరు కొఠారు ఉంది. అక్కడి ఆడవాళ్ళు తడుస్తూనే, కరగ్గా మిగిలిన ఉప్పు గీస్తున్నారు.

"ఏటి సేసినావమ్మా?" అని అడిగారు.

"గుంటలకి బడి కావాలన్నాను," అందామె.

అక్కడా పిల్లలున్నారు, పాదాలు మునిగే ఉప్పునీళ్ళలో, వంగిన నడుములతో. ఒకామె తన కూతురి చేతిలోని పార లాక్కుని, గట్టు మీద నిలబడ్డ వాళ్ళ కంట్రాక్టరు కాళ్ళ దగ్గరికి విసిరింది. మిగతావాళ్ళు ఆమె వెనకాలే మడి వదిలి గట్టెక్కారు.