గాజు మీద గీత

2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌తో బట్ట నేసే సాంచాలు మూతబడ్డాక, లస్మయ్య పగటిపూట ఇంట్లో ఉండటం కూతురు సుభాషిణి మొదటిసారి చూసింది. అంతకుముందు ఆయన పన్నెండు గంటల షిఫ్టుకు పోయేవాడు, వచ్చి పడుకునేవాడు. ఇప్పుడు సూరత్‌లో, వడోద్‌లోని ఆ ఒంటిగదిలో సుభాషిణి తల్లి వెంకటవ్వతో కలిపి ముగ్గురూ రోజంతా ఎదురెదురుగానే.

సుభాషిణి బీయస్సీ మొదటి ఏడాది. క్లాసులన్నీ ఫోన్‌లోనే. ఒకనాడు ఖనిజాల పాఠం చదువుతుంటే లస్మయ్య వచ్చి బొమ్మ చూశాడు.

"గిది పలుగురాయి గద బిడ్డా."

"క్వార్ట్జ్ అంటరు బాపూ. నీకెట్ల ఎరుక?"

సూరత్ రాకముందు ఆరేళ్లు బావులు తవ్వానని ఆయన అప్పుడు చెప్పాడు. బండ పగుళ్లలో తెల్ల పలుగు నరంలా పాకి ఉంటుందట. గడ్డపార మొన అరగాల్సిందే గానీ దాని మీద గీత పడదట. భూమి లోపలి వేడినీళ్లలో కరిగిన పదార్థం పగుళ్లలోకి చేరి, నీళ్లు చల్లారేకొద్దీ పలుకులు కడుతుందని సుభాషిణి చెప్పింది.

"ఆరేండ్లు పగలగొట్టిన గని, అదెట్లయితదో ఎన్నడు అడగలే" అన్నాడు లస్మయ్య.

ఆ వారమంతా ఇద్దరూ మేడ కింద పోసిన కంకరలోంచి రాళ్లు ఏరారు. మేకుతో గీకారు. ఒక తెల్లరాయిని నూరి నిమ్మరసం పోస్తే బుడగలు వచ్చాయి. అది కాల్సైట్ అని సుభాషిణి అంటే, సున్నం కాల్చే రాయి అని ఆయన అన్నాడు. అన్నం చల్లారిపోతోందని వెంకటవ్వ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

సోమవారం క్లాసులో సారు రెండు తెల్లరాళ్లు చూపించి, వీటిలో క్వార్ట్జ్‌ను ఎలా గుర్తుపడతారని అడిగారు. సాంచాల మోతకు చెవులు మందగించిన లస్మయ్య వెనకనుంచి గట్టిగా అన్నాడు: "గాజు మీద గీకమను బిడ్డా, పలుగైతే గీత పడ్తది."

ఫోన్‌లో నవ్వులు వినిపించాయి. ఎవరు మాట్లాడుతున్నారని సారు హిందీలో అడిగారు.

"కోయీ నహీ, సర్" అంది సుభాషిణి. ఎవరూ లేరని.

లస్మయ్యకు హిందీ బాగానే వచ్చు. ఆయన లేచి, చెప్పులు తొడుక్కుని, వరండాలోకి పోయి నిలబడ్డాడు. మళ్లీ ఆమె పక్కన కూర్చోలేదు. జూన్‌లో సాంచాలు తెరిచారు.

మరుసటి ఫిబ్రవరిలో కాలేజీ ల్యాబ్ తెరిచాక, మేడమ్ చేతికిచ్చిన రాయిని సుభాషిణి గాజుపలక మీద గీసి, క్షణంలో పేరు చెప్పింది.

"ఎవరు నేర్పారు?"

"యూట్యూబ్‌లో చూశాను, మేడమ్."

ఆ మాట అన్నాక మిగతా రాళ్లు ఆమెకు సరిగా కనిపించలేదు. సాయంత్రం షిఫ్టుకు ముందు తండ్రి అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, రెండు సంగతులూ దాచకుండా చెప్పింది.

లస్మయ్య ముద్ద నమిలి మింగాడు. "సదువుకున్నోళ్ల నడుమ నాకేం పని. నువ్వు మంచిగనే జెప్పినవ్."

ఆయన కోప్పడితే బాగుండేదనిపించింది సుభాషిణికి.

"బావుల సంగతి ఇంకోసారి చెప్పవా బాపూ? రాసుకుంట."

ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. "యాదికి లేదు బిడ్డా" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.