సంచిలో లోషన్ సీసా

దీపావళికి సూరత్‌లో మిల్లులు మూస్తే సొంతూరు సిరిసిల్లకు బస్సెక్కాలి. ఇంకా నెల రోజులుంది. అయినా స్వరాజ్యం అప్పుడే సంచి సర్దుకుంది. రెండు చీరలు, దువ్వెన, చదవడానికి పాత వారపత్రికలు, అన్నిటికీ పైన లోషన్ సీసా.

"గా సీసా ఎందుకక్కా? బస్సు కడుగుతవా ఏంది?" అంది తోడికోడలు చిన్నవ్వ, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

స్వరాజ్యం సీసా మూత ఇంకాస్త బిగించింది. లాక్‌డౌన్ నుంచి క్రిములు చంపే ఆ లోషన్‌తో ఆమె లింబాయత్‌ వాడలోని ఇంట్లో కడగని వస్తువు లేదు. గొళ్లెం, పాల ప్యాకెట్, కొడుకు టిఫిన్ డబ్బా. అదే ఊపులో తన ఒళ్లూ, చెప్పుకోలేని చోటుతో సహా కడుక్కుంటోంది. మంట తగ్గకపోగా పెరిగింది. మూత్రం వస్తున్నట్టై మాటిమాటికీ పాయిఖానాకు పరుగు. అంతదూరం బస్సులో కూర్చునేదెలా? చిన్నవ్వ తనను వదిలి ఒక్కతే పోతుందేమోనని దిగులు. ఎవరిని సాగనంపినా ఇదే ఆఖరి చూపేమో అనుకునే మనిషి మరి.

నర్సింగ్ చదువుతున్న మనవరాలు అనురాధ ఆ పరుగులు గమనించి, ఆమెను లేడీ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. పరీక్ష చేసి, డాక్టరమ్మ ఇన్‌ఫెక్షన్‌కు మాత్రలూ, లోపల రాసుకునే హార్మోన్ క్రీమూ రాసిచ్చింది.

"ఈ వయసుల నాకు హార్మోనెందుకే?" ఇంటికొచ్చాక సిగ్గుపడిపోయింది స్వరాజ్యం.

"విను బాపమ్మా. మిల్లు గేటు కాడ వాచ్‌మన్ల లెక్క లోపల మంచి క్రిములుంటయి. పులుపు పుట్టించి చెడ్డవాటిని రానియ్యవు. అండాశయంల పుట్టే హార్మోను వల్లనే వాటికి తిండి. వయసుల ఉన్నప్పుడు గూడ, గర్భం నిలిచే రోజులల్ల కావలి జర ఢీలా అయితది. రావాల్సినోడు రావాలె గదా! నెలసరి ఆగినంక హార్మోను తగ్గె, తిండి తగ్గె. మిగిలిన నలుగుర్ని నువ్వు లోషన్ పోసి సంపినవ్."

చిన్నవ్వ చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోయేలా నవ్వింది. "ఓయమ్మా! దొంగలనుకొని వాచ్‌మన్లనే కొట్టినవా అక్కా?"

స్వరాజ్యానికీ నవ్వాగలేదు. సంచిలోంచి సీసా తీసేసి, క్రీము ట్యూబును చీర మడతల్లో దాచింది.

ప్రయాణం నాటికి మంట పోయింది. బస్సు ఆగిన ప్రతి ఢాబా దగ్గరా "దిగుతవా అక్కా, వాచ్‌మన్లున్నరా?" అని చిన్నవ్వ ఏడిపించింది. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, మాస్కుల చాటున నవ్వుకుంటూ ఊరు చేరారు.

పండగయ్యాక స్వరాజ్యం సూరత్ వచ్చేసింది. చిన్నవ్వ మాత్రం ఊళ్లోనే తన కూతురి దగ్గర ఆగింది. ఆమె మళ్లీ రాలేదు. 2021 మే నెలలో, సిరిసిల్లలోనే, కరోనాతో చనిపోయింది.