ఓడల దారిలో నడుం లోతు నీళ్ళు

నేను ఒక గెడను. వెదురు గెడను, పద్దెనిమిది అడుగుల పొడుగు. ఇంజన్లు రాకముందు గోదావరి మీద పడవల్ని తోసింది నాలాంటి వాళ్ళమే. వెదురు కదా, లోపల ఏముంటుంది, అంతా బోలు అని మీరు అనబోతున్నారు. నిజమే. కానీ బోలుగా ఉండటం తప్పు కాదు. ఆ బోలుతనానికి శాలువా కప్పి, మైకు పెట్టి, పథకం అని పేరు పెట్టడం తప్పు. ఆ పని నేను చెయ్యలేదు. చేసినవాళ్ళను దగ్గర నుంచి చూశాను, కాబట్టి వాళ్ళ గురించే చెబుతాను. నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

పుట్టింది పాపికొండల్లో. నరికినవాడు ముందు నా కణుపుల మీద వేలితో కొట్టి, చప్పుడు విని, ముదిరానని రూఢి చేసుకున్నాకే కత్తి ఎత్తాడు. తర్వాత నేను కలిసిన ఏ ఇంజనీరూ పని మొదలుపెట్టే ముందు అంత ఆలోచించలేదు. వందమందిమి తెప్ప కట్టించుకుని దిగువకు కొట్టుకొచ్చాం. రాజమండ్రి కలప అడితిలో నన్ను ఏరుకున్నవాడు సంగాడి ధనరాజు, కాకరవారి లంక రేవులో పడవ నడిపేవాడు. ఆముదం పట్టించి, కొస అరగకుండా ఇనప తొడుగు, అదే పొన్ను, వేయించి, నన్ను పనిలో పెట్టాడు.

నా కొస నేలకు తగలగానే ధనరాజు అరచేతికి తెలిసిపోయేది. ఇసుకైతే గరుకుగా తగులుతుంది. బంకమన్నైతే పట్టుకుని వదలదు. కొత్త ఒండ్రైతే తగిలీ తగలనట్టు ఉంటుంది, నొక్కితే మూడు నాలుగడుగులు లోపలికి దిగిపోతాను. అందుకే పడవవాళ్ళు నొక్కరు. మొదట తగిలిన చోట నీళ్ళు అయిపోయాయి, నేల మొదలైంది. ఇంతే విద్య. దీన్ని నేర్చుకోవడానికి కాలేజీకి వెళ్ళక్కర్లేదు. మరిచిపోవడానికి వెళ్ళాలి కాబోలు.

ధనరాజు ఇల్లు లంక అంచున ఉండేది. మట్టిగోడల పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు నాలుగు. ధనరాజు భార్య మాణిక్యం కాపురానికి వచ్చినప్పుడు ఇంటికీ ఏటికీ మధ్య వంద అడుగుల నేల ఉండేదట. గోదావరి ఏటా కొంత కోసుకుపోతోంది. గట్టుకు రాయి వెయ్యండి బాబూ అని లంకవాళ్ళు పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. నిధులు లేవు అనే జవాబు పదకొండుసార్లు వచ్చింది. ఆ జవాబు మోసుకొచ్చిన జీపులకు మాత్రం డీజిలు ఏనాడూ తక్కువ కాలేదు.

అలాంటి రోజుల్లో ఓడల దారి వచ్చింది. నదిని తవ్వి లోతు చేస్తే పెద్ద పెద్ద బార్జీల మీద ధాన్యం, సిమెంటు సముద్రందాకా పోతాయట. ఒడ్డున రోడ్డు ఉంది, పక్కనే రైలు ఉంది, వాటిమీద సరుకు హాయిగా పోతూనే ఉంది. మాకు బార్జీ కావాలి అని అడిగిన మిల్లరు ఒక్కడూ లేడు. అయినా సర్కారు ఖజానా తెరుచుకుంది. రాయికి దొరకని డబ్బు బురదకు దొరికింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మనుషులు అన్ని ఆఫీసుల్లోనూ ఉంటారు, ఫైలు మీద వరసగా సంతకాలు పెట్టేశారు.

డ్రెడ్జరు వచ్చింది. ఆరు నెలలు రొప్పుకుంటూ ఒండ్రు పీల్చింది. పీల్చినదాన్ని ఎక్కడ పొయ్యాలి? దూరం తీసుకెళితే ఖర్చని అవతలి ఒడ్డు వారనే గుట్టలు పోశారు. ఏరు ఆ పక్కన ఇరుకైంది. ఇరుకైన ఏరు ఏం చేస్తుంది, ఈ పక్కకు వస్తుంది. మాణిక్యం ఇంటి ముందు నేల ఆ ఒక్క ఏడాదే ముప్పై అడుగులు పోయింది, నాలుగు చెట్లలో రెండు ఏట్లో పడ్డాయి.

తవ్వింది ఎంతో కొలిచే రోజున కాంట్రాక్టరు మనిషి భీమేశ్వరరావు రేవుకొచ్చాడు. తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు. లోతు కొలిచే యంత్రం రిపేరులో ఉందని ధనరాజుకు రోజుకూలి ఇచ్చి నన్ను తీసుకురమ్మన్నాడు. అడుగడుగుకీ ఎర్రగీత, తెల్లగీత వేయించాడు. ఆ రంగులతో నేను పెళ్ళికి తయారైన ముసలివాడిలా ఉన్నాను. ధనరాజు నన్ను దించాడు, తగిలింది.

"ఆరడుగులండి," అన్నాడు ధనరాజు.

"ఇంకా దిగుతుందిగా, నొక్కు."

"అది ఒండ్రండి. నీళ్ళు కాదండి."

"నొక్కవయ్యా. కూలి తీసుకుంటున్నావా లేదా?"

ధనరాజు నొక్కాడు. నేను దిగాను. పదో గీత దగ్గర ఆపి, పది అడుగులు అని రాసుకున్నారు. అలా నలభై చోట్ల నాచేత బురదను నీళ్ళని చెప్పించారు. ఆ కొలత మీదే బిల్లు పాసైంది. నాకు సిగ్గేసింది, దాచుకోను. ఆ రోజు ఇంటికెళ్ళాక మాణిక్యం ధనరాజును కడిగేసింది.

"ఏటో తెలీనోడైతే అనుకోవచ్చు. చెయ్యి పెడితే సెప్పేత్తావు గదా నువ్వు. నీకెలా నొక్కబుద్దేసిందయ్యా?"

ధనరాజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఓడలకు దారి గుర్తుగా నీళ్ళమీద తేలే బోయాలు వేశారు, రిబ్బను కట్టి కత్తిరించారు. ఆ దారిన పోయిన ఓడలెన్నో చెప్పమంటారా? ఒక్కటి. దాని మీద సరుకు, ఒక బ్యానరు. వరద రాగానే గోదావరి తన ఒండ్రు తను తెచ్చుకుని తవ్విన గుంటలన్నీ పూడ్చేసి తన దోవన పోయింది. లంకలో ఏ ముసలమ్మను అడిగినా ముందే చెప్పేది. అడగలేదు, ఎందుకంటే ముసలమ్మలు కమీషన్ ఇవ్వరు.

మరుసటి వేసవిలో రెండో దశకు ప్రజాభిప్రాయ సేకరణ అని రేవులో షామియానా వేశారు. పెద్ద ఇంజనీరుగారు వచ్చారు. చల్లటి నీళ్ళ సీసా, మెడలో బంతిపూల దండ. నన్ను కూడా స్టేజీ పక్కన నిలబెట్టారు, కొలతకు సాక్షినట. మొదటి దశలో పది అడుగుల లోతు సాధించామని ఆయన మైకులో చెబుతున్నారు. మాణిక్యం లేచి గట్టుకు రాయి సంగతి అడిగింది. అది ఈ సమావేశం పరిధిలోకి రాదన్నారు. ఆమె కొంగు బిగించి, స్టేజీ పక్కనుంచి నన్ను లాగేసుకుని, తిన్నగా ఏట్లోకి నడిచింది.

సముద్రం నీళ్ళు వెనక్కి లాగే వేళ అది. మోకాళ్ళు దాటింది, తొడలు దాటింది. ఎర్రబోయాకూ పచ్చబోయాకూ సరిగ్గా మధ్యన ఆగి, నన్ను నిలబెట్టి, ఒడ్డుకేసి తిరిగి అరిచింది.

"అయ్యగారండీ! మీ ఓడల దారి నడిమద్దెన నిలబడ్డానండి! నడుం దాటలేదండి! ఆ పదడుగులూ ఎక్కడున్నాయో సూపించండి, ములిగి సూపిత్తాను!"

లంకంతా ఘొల్లుమంది. మైకు పట్టుకున్నవాడు కూడా నవ్వాపుకోలేకపోయాడు. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. నాచేత చెప్పించిన అబద్ధం నా ఒంటిమీదే కడిగేసినట్టయింది. ఇక పథకానికి నూకలు చెల్లాయి, ఆ డబ్బుతో రాయి వస్తుంది అనుకున్నాను. వెదురు బుర్ర కదా.

పెద్ద ఇంజనీరుగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. దండ సర్దుకుని మైకు దగ్గరికి వచ్చారు.

"చూశారు కదా! ఈ తల్లి మన కళ్ళు తెరిపించింది. పూడిక ఎంత వేగంగా పడుతోందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? రెండో దశ తక్షణం చేపట్టాలి."

ముందువరస చప్పట్లు కొట్టింది. పక్కనున్న గుమాస్తా, స్థానిక మహిళ ఒకరు స్వయంగా నదిలో దిగి పూడికతీత ఆవశ్యకతను నిరూపించి సంపూర్ణ మద్దతు తెలిపారు, అని రాశాడు. మాణిక్యం తడిబట్టలతో ఒడ్డుకొచ్చేసరికి ఆమె మద్దతు టైపు కూడా అయిపోయింది. లోతు ఉంటే సాధించామని డబ్బు, లేకపోతే సాధించాలని డబ్బు. ఇలాంటి నోటికి ఏ గెడ అడ్డం పెట్టగలం? మీరు కొనే అగ్గిపెట్టె మీద, ఉప్పు ప్యాకెట్టు మీద వసూలైన పైసలు అవి. గోడకేసిన సున్నమైనా గోడ మీద కనిపిస్తుంది. ఏట్లో పోసిన డబ్బుకు ఆ తెలుపు కూడా మిగలదు.

శ్రావణంలో వరద వచ్చింది. మూడోరోజు పొద్దున ధనరాజు, మాణిక్యం ఇంటికప్పు ఎక్కి పెంకులు దించడం మొదలుపెట్టారు. ఎదురింటివాళ్ళు అందుకుని మోశారు. తలుపులు, కిటికీలు, మంచం బయటికొచ్చాయి. ఏటివైపు ముందుగోడ మొదట వాలింది, తర్వాత వెనకగోడ. మాణిక్యం ఏడవలేదు. గోడ పడినప్పుడల్లా, "అదిగో, అది మా మావగారు కట్టింది," "అదిగో, అది నేను అలికింది," అని చెబుతూ నిలబడింది. ధనరాజు మాత్రం నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నా మీద ఎర్రగీతలు ఇంకా చెరగలేదు.

ఏటిగట్టు మీద పాక వేసుకున్నారు. సంక్షేమం వాళ్ళు బియ్యం ఇచ్చారు, ఫోటో తీసుకున్నారు.

శీతాకాలంలో రెండో దశకు కొలతలు మొదలయ్యాయి. భీమేశ్వరరావు మళ్ళీ వచ్చాడు, అవే కళ్ళద్దాలు. యంత్రం మళ్ళీ రిపేరులోనే ఉంది. ధనరాజు రానంటే, "పద, నేనూ వత్తాను," అని మాణిక్యం పడవెక్కింది. ఏరు కొత్తగా మెలిక తిరిగిన చోట భీమేశ్వరరావు ఆపమన్నాడు. ధనరాజు ఒకసారి ఒడ్డున మిగిలిన ఒక్క కొబ్బరిచెట్టుకేసి, ఒకసారి భార్యకేసి చూశాడు. తర్వాత నన్ను దించాడు. నొక్కలేదు, వదిలాడంతే. నేను చల్లటి నీళ్ళలోంచి దిగుతూ, దిగుతూ పోయాను. పదో గీత దగ్గర కొస తగిలింది.

"పదా? భలే! ఇక్కడ తవ్వే పని కూడా లేదు. దారి ఇటు తిప్పేసి, తవ్వినట్టే రాసుకుందాం," అన్నాడు భీమేశ్వరరావు. అంతలో పొన్ను ఠంగుమన్న చప్పుడు అతనికీ వినబడింది. "ఏంటది, గట్టిగా తగిలింది? ఈ ఏట్లో రాయెక్కడిది?"

మాణిక్యం చెప్పింది.

"మా రోలండి. మొయ్యలేక వంటింట్లో వదిలేసేం. గట్టుకి రాయి ఎయ్యమని పదకొండేళ్ళు అడిగేం గదండి, మీరెయ్యలేదు. అందుకని మాదే ఒకటి ఏసుకున్నామండి."

భీమేశ్వరరావు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత పుస్తకం తీసి రాసుకున్నాడు: లోతు పది అడుగులు. అడుగున రాయి ఉంది. తొలగింపునకు అదనపు నిధులు కావాలి.