సంపూర్ణమ్మకు దొరికిన కమ్మ

తుపాను పోయిన మూడో రోజు నుంచి ఉప్పాడ తీరానికి కార్లు రావడం మొదలుపెట్టాయి. కాకినాడ నుంచి, పెద్దాపురం నుంచి పెళ్ళాంబిడ్డల్ని వేసుకుని మరీ వచ్చారు మహానుభావులు. కొంపలు కొట్టుకుపోయిన జనాన్ని పలకరించడానికి అనుకునేరు, కాదు. సముద్రం బంగారం కక్కుతోందని ఫోన్లలో చూశారు. ఆ సంబడం కళ్ళారా చూడ్డానికి వచ్చారు.

కక్కే మాట నిజమే. ఎన్ని ఇళ్ళు మింగిందో, ఎన్ని గుళ్ళు మింగిందో, ఆ మింగినదాంట్లోంచి ప్రతి తుపాను తర్వాతా ఆవగింజంతో నువ్వుగింజంతో ఒడ్డున పారేసి పోతుంది. నీళ్ళు వెనక్కి తగ్గగానే ఊళ్ళో ఆడవాళ్ళు గొంతుకు కూర్చుని దువ్వెనలతో తడి ఇసుకను దువ్వుతారు, పేలు చూస్తున్నట్టు. పొద్దు గూకేదాకా దువ్వితే నడుం పడిపోతుంది. ఏదైనా తళుక్కుమంటే కొంగున ముడేసుకుంటారు. చాలాసార్లు అది గాజుపెంకు. ఈ పనికి కార్లలో వచ్చినవాళ్ళు పెట్టిన పేరు అదృష్టం.

సంపూర్ణమ్మకు వాళ్ళను చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె దువ్వుతున్న ఇసుక మొన్న సోమవారం దాకా ఆమె వంటిల్లు. అది ఎవరికి కావాలి? నల్లకళ్ళద్దాల అమ్మాయి ఒకతి పక్కన చతికిలబడి ఫోన్ పైకెత్తి, ఇద్దరూ పడేలా ఫోటో తీసుకుంది.

"ఆంటీ, మీరు భలే లక్కీ అండి! ఇంటి ముందే బంగారం."

"ఆయ్, లక్కీయేనమ్మా. ఇల్లు కూడా ఉంటే ఇంకా బాగుండేది."

ఆ అమ్మాయి అప్పటికే ఫోటో ఎవరికో పంపుకుంటోంది.

సంపూర్ణమ్మ భర్త జీవరాజుకు గోడ కూలినప్పుడు కాలు విరిగింది. కట్టుతో స్కూలు వరండాలో పడుకుని ఉన్నాడు. వచ్చే వారం స్కూలు తెరుస్తారు, అందరూ ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత ఎక్కడికి? ఇళ్ళు పోయినవాళ్ళ జాబితా ఒకటి మండలాఫీసులో తయారవుతోంది. అందులో పేరుంటే కట్టిన ఇల్లు ఇస్తారట. ఆ దంపతుల ప్రాణమంతా ఆ కాగితం మీదే ఉంది.

అలాంటి సమయంలో దిగాడు శశిభూషణ్ అనే టీవీ విలేకరి. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొట్టం. పొద్దుటి నుంచి తిరిగినా ఆవగింజను మించి ఎవరూ చూపించలేదు.

"ఇవి స్క్రీన్ మీద కనపడవండి," అని విసుక్కున్నాడు. అంతలో అతని చూపు సంపూర్ణమ్మ చెవుల మీద పడింది. ఎర్రరాయి కమ్మలు. "అమ్మా, ఒక కమ్మ తీసి ఇసుకలో పెట్టండి. దువ్వుతుంటే దొరికినట్టు తీసి చూపించండి చాలు."

"ఛీ, అదేం పని బాబూ?"

"మా చానల్ పెద్ద పెద్ద ఆఫీసర్లు చూస్తారండి. మీ ఇల్లు పోయిన సంగతి కూడా చెప్పండి, వేస్తాను. వారం తిరక్కుండా ఇల్లు రాకపోతే నన్నడగండి."

అర్జీ పట్టుకుని ఎదురుగా నిలబడితే కనపడని మనిషి టీవీలో పడితే కనపడతాడని ఆ తీరంలో అందరికీ ఒక గట్టి నమ్మకం. అంత తెలివైన సంపూర్ణమ్మ కూడా ఆ బురదలోనే కాలేసింది. కమ్మ పాతింది, దువ్వింది, తీసింది. ఇల్లు ఎలా పోయిందో ఏడుస్తూ చెప్పింది. శశిభూషణ్ బుద్ధిగా తలూపాడు.

సాయంత్రం వార్తల్లో కమ్మ వచ్చింది. ఇల్లు రాలేదు, ఏడుపూ రాలేదు. "గంగమ్మ తల్లి కరుణ! ఒక్కరోజులో పేదరాలి దశ తిరిగింది" అని అరుపులు, వెనక డప్పులు. గంగమ్మ తల్లికీ తనకూ సంబంధమేమిటో చర్చికి పోయే సంపూర్ణమ్మకు తెలియలేదు. ఆదివారం ఆ చర్చిలోనూ అదే గోల. దేవుడు మన సహోదరిని జ్ఞాపకం చేసుకున్నాడని పాస్టరు గారు చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు, కానుక వేసి ఇమ్మని ఆవిడ చేతిలో ఖాళీ కృతజ్ఞతార్పణ కవరు పెట్టారు. ఇల్లు పోయినప్పుడు ఆవిడకని ఒక్కరూ కవరు తేలేదు.

సోమవారం ఆఫీసు గోడకు జాబితా అంటించారు. సంపూర్ణమ్మ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. తన పేరు లేదు. తిన్నగా లోపలికి పోయి, జాబితా రాసిన ఉదయ్‌భాస్కర్ గారి బల్ల ముందు నిలబడింది.

"మీకు బంగారం దొరికింది కదండి," అన్నాడాయన ఎంతో మర్యాదగా. "ఏమీ దొరకనివాళ్ళ సంగతి చూడాలి కదా."

"అది దొరికింది కాదండి, నాదేనండి. పద్నాలుగేళ్ళు ఎండుచేపలమ్మి కొనుక్కున్నాను. ఆ టీవీ అబ్బాయి పెట్టి తీయమన్నాడండి."

"అంటే అబద్ధమాడారా? అలాగని రాసివ్వండి. కాకపోతే అప్పుడు జనాన్ని మోసం చేశారని కేసవుతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "దొరికిందే అనుకోండి, మంచి మార్గం ఉంది. దొరికిన సొత్తు ప్రభుత్వానికి అప్పజెప్పండి. అప్పుడు మీ దగ్గర ఏమీ లేనట్టే కనక పేరు ఎక్కించేస్తాను."

సంపూర్ణమ్మ తల అటూ ఇటూ తిప్పి రెండు చెవులూ చూపించింది.

"ఒకటి సముద్రంలో దొరికితే దాని జత నా చెవికెలా వచ్చిందండి? మీరే చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక చెవి చూశాడు, రెండో చెవి చూశాడు. ఇంత చదువు చదివినవాడు ఆ మాత్రం చిక్కు విప్పలేడా? విప్పాడు.

"అయితే రెండూ దొరికాయన్నమాట. టీవీలో ఒకటే చూపించారు."

వరండాలో జీవరాజు, అతని కట్టు, ఈ వారమే తెరిచే స్కూలు ఆమె కళ్ళ ముందు తిరిగాయి. చెవులకు చెయ్యి పోయింది. టీవీ కోసం తీసిన కమ్మ ఇట్టే వచ్చింది, ఎన్నో ఏళ్ళుగా కదలని రెండోదాని శీల ఎంతకీ రాలేదు. హారతి అనే గుమస్తా పిల్ల కొబ్బరినూనె తెచ్చి రాసింది. పాపం ఆ పిల్ల తలెత్తి చూడలేదు. కమ్మలు కవరులో పడ్డాయి, కవరు మీద లక్క పడింది, "తీరమున దొరికిన చెవికమ్మలు, జత ఒకటి" అని రసీదు వచ్చింది. జాబితా అడుగున ఉదయ్‌భాస్కర్ గారు స్వహస్తాలతో ఆమె పేరు రాశారు.

"ఇల్లు ఎప్పుడిస్తారండి?"

"ఇళ్ళు నలభయ్యేనండి. పేర్లు మీతో కలిపి నూట పన్నెండు. గురువారం చీటీలు వేసి తీస్తాం." ఆయన నిండుగా నవ్వాడు. "అదృష్టం ఉంటే మీకే వస్తుంది."

సంపూర్ణమ్మ బోసి చెవులను కొంగుతో కప్పుకుంది.

"అదృష్టం మీరే ఉంచుకోండి బాబూ. నాకు ఇల్లు ఇవ్వండి."

ఆయన రసీదు నకలు మీద వేలిముద్రకని ఇంకుప్యాడ్ ఆమె వైపు జరిపి, తర్వాతి మనిషిని పిలిచాడు.