పోనీ అన్న మాట

ఆ బస్సులో గంట చెడిపోయి చాలాకాలమైంది. తాడు మాత్రం వేలాడుతూ ఉంటుంది, అలంకారానికి. ఇంజను మోతలో డ్రైవరు బాబాయికి వినిపించేవి రెండే మాటలు: ఒకటి "ఆపు", రెండోది "పోనీ". మూడో మాట ఆయన చెవిన పడదు, పడినా పట్టించుకోడు.

"ఆ రెండూ గట్టిగా అరిచావంటే చాలమ్మాయ్, ఉద్యోగం వచ్చేసినట్టే," అన్నాడు పొద్దున్న డిపోలో.

కొత్త కండక్టరు తలూపింది. "ఆపు" అనడానికి ఆమెకు నోరు రాదు. కాపురంలో ఆ మాట అన్నప్పుడల్లా దెబ్బలు రెట్టింపయ్యేవి. "పోనీ" మాత్రం బాగా అలవాటే. మొగుడు చెయ్యెత్తగానే "పోనీ, ఈసారికి వదిలెయ్" అని బతిమాలుకునేది. ఇరుగుపొరుగు వాళ్ళూ అదే పాట పాడేవాళ్ళు: "పోనీలేమ్మా, మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు." అనేవాళ్ళ సొమ్మేం పోయింది, పక్కటెముకలు ఆమెవి కదా! ఒక ఎముక విరిగాక ఆస్పత్రి నుంచి ఇంటికి పోలేదామె. ఆడవాళ్ళ హాస్టల్లో మంచం ఒకటి చూసుకుని, శిక్షణ ముగించుకుని, ఇవాళే మొదటిసారి ఖాకీ చొక్కా వేసుకుంది.

మార్కెట్టు స్టాపులో వాడు ఎక్కాడు. ఎవరు మోశారో కబురు, నేరుగా వచ్చి జుట్టు పట్టుకున్నాడు.

"ఉద్యోగమా? ఊరంతా చూడాలనా నీ సోకు?"

ముఖం మీద గుద్దాడు. తల ఇనుప కమ్మీకి కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి. నోరంతా ఉప్పగా అయింది. నిండు బస్సు చోద్యం చూస్తోంది. ముందు సీట్లో కూరల బుట్టతో ఉన్న ముసలమ్మ మాత్రం నోరు విప్పింది.

"పోనీలేమ్మా, మొగుడే కదా. వెళ్ళు, రచ్చ ఎందుకు?"

వాడు ఆమెను తలుపు దాకా ఈడ్చాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి మళ్ళీ పిడికిలి ఎత్తాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ఆమె నోట్లోంచి అదే మాట ఊడిపడింది.

"పోనీ! పోనీ!"

బాబాయి గేరు వేశాడు.

బస్సు ఒక్క ఊపున కదిలింది. వాడు ఆమె జుట్టు వదల్లేదు, వదిలితే పడతాడు. రోడ్డు మీది కాలు ఈడ్చుకుపోయి చెప్పు ఎగిరిపోయింది, మోకాలి చర్మం లేచిపోయింది. ఆమె రెండు చేతులా కమ్మీని కౌగిలించుకుంది. కుదుళ్ళతో సహా జుట్టు ఊడుతుంటే కేక కూడా రాలేదు. ముందు కరెంటు స్తంభం కనిపించింది. రోడ్డు అంచుకు ఆనుకుని ఉంది.

"ఆపమనవే! నీకు దణ్ణం పెడతా, ఆపమను!"

వాడు చావాలనే అనుకుంది. దాచడమెందుకు, మనసారా అనుకుంది. నోరు మూసుకుంటే చాలు, స్తంభమే చూసుకుంటుంది. కానీ అలా చస్తే వీడు ఇక వదలడు, రోజూ కలలోకి వచ్చి కాపురం చేస్తాడు. ఆ కాపురం కూడా ఆమెకు వద్దు.

"ఆపు!"

ఆ గొంతుకు బాబాయే అదిరిపడ్డాడు. బ్రేకు పడింది, వాడు ఎగిరి రోడ్డు మీద పడ్డాడు.

బతికించినందుకు కృతజ్ఞత చూపించాడు మహానుభావుడు: లేచి, బండరాయి అందుకుని మీదికొచ్చాడు. ఆమె మెట్టు దిగి, టికెట్ల మిషనుతో దవడ మీద కొట్టింది. పన్నొకటి రాలింది. రాయి జారిపోయింది. ఆమె మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బ అక్కర్లేదు, అయినా కొట్టింది. వాడు కూలబడ్డాక చెయ్యి దించింది.

"బాబాయ్, పోలీసులకు ఫోన్ చెయ్యి. ఏం జరిగిందో నేనే చెప్తాను."

పోలీసులనగానే వాడు కాళ్ళబేరానికొచ్చాడు. నెత్తురు ఉమ్మి, మెత్తగా మొదలుపెట్టాడు.

"ఎందుకే ఇదంతా? పని చేసుకో, కాదన్నానా? సాయంత్రం ఇంటికి రా. ఒట్టు, ఇక చెయ్యెత్తను."

ఆ మెత్తని గొంతుకే ఆమె ఇన్నేళ్ళూ పడిపోయింది. గుద్దులకన్నా దానికే ఎక్కువ భయం. ఇప్పుడు కూడా గుండె ఒక్క క్షణం అటు మొగ్గింది. బస్సులో అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

ఆమె చొక్కా చేతితో మూతి తుడుచుకుంది.

"పని కోసం ఇల్లు వదిలాననుకున్నావా?" అంది. "నీ ఇల్లు వదలడానికే పని వెతుక్కున్నాను."